సర్దార్ ఉధమ్: చంపింది ముందు చూపించి, ఎందుకో చివర్లో చెప్పిన సినిమా

హన్మకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. కాలేజీ సెమినార్‌లో, విప్లవకారుడు ఉధమ్ సింగ్ కథతో తీసిన ‘సర్దార్ ఉధమ్’ అనే హిందీ సినిమా మీద మాట్లాడాలట, మూడు డౌట్లు వచ్చాయట. ఉధమ్ సింగ్ చంపింది జనరల్ డయ్యర్‌నని చిన్నప్పటి నుంచి విన్నాను, సినిమాలో వేరే ఆయన ఉన్నాడేంటి సార్ అన్నది ఒకటి. పగ తీర్చుకోవడానికి 21 ఏళ్ళు ఎందుకు ఆగాడు అన్నది రెండోది. ఒక హంతకుడి జీవితాన్ని ఇంత ప్రేమగా చూపించడం కరెక్టేనా అన్నది మూడోది.

తల్లీ, 31 ఏళ్ళు డిగ్రీ కాలేజీల్లో చరిత్ర పాఠం చెప్పాను. ఈ సినిమా వచ్చింది 2021 అక్టోబర్‌లో, నేను రిటైరయ్యాక. ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. అందులో రెండుసార్లు పక్కన నోట్‌బుక్ పెట్టుకుని చూశాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మొదటి డౌటు తొందరగా తేలిపోతుంది. వాళ్ళు ఇద్దరు వేర్వేరు మనుషులు. పేర్లు దగ్గరగా ఉండటంతో స్టేజీ ఎక్కి మాట్లాడే పెద్దలు కూడా కలిపేస్తుంటారు. 1919 ఏప్రిల్ 13న, బైసాఖీ పండుగ నాడు, అమృత్‌సర్‌లోని జలియన్‌వాలా బాగ్‌లో దగ్గరుండి కాల్పులు జరిపించిన సైనికాధికారి రెజినాల్డ్ డయ్యర్. ఆయన 1927 జులైలో ఇంగ్లండులో జబ్బు చేసి పోయాడు. ఆ రోజుల్లో పంజాబుకు లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్నది మైఖేల్ ఓడ్వయ్యర్. 1940 మార్చి 13న లండన్‌లోని కాక్స్‌టన్ హాల్లో ఉధమ్ సింగ్ కాల్చింది ఈ ఓడ్వయ్యర్‌ని.

డయ్యర్ దొరకలేదు కాబట్టి మిగిలినవాడి మీద కసి తీర్చుకున్నాడని మాత్రం అనుకోకు. ఇక్కడ చాలామంది పొరబడతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పంజాబు పల్లెల మీద పడి బలవంతంగా సైన్యంలోకి మనుషుల్ని పంపించింది ఓడ్వయ్యర్ పాలనే. 1919 ఏప్రిల్ 10న అక్కడి జాతీయోద్యమ నాయకులు డాక్టర్ సత్యపాల్, డాక్టర్ కిచ్లూలను అమృత్‌సర్ నుంచి తీసుకుపోయి ఊరు రగిలేలా చేసింది ఆయన ఆర్డరే. కాల్పుల సంగతి తెలిశాక, నువ్వు చేసింది సరైన పనే, గవర్నర్‌గారు ఒప్పుకుంటున్నారు అని డయ్యర్‌కు కబురు వెళ్ళింది. కాల్పుల మర్నాడే పంజాబులోని గుజ్రన్‌వాలా మీద విమానాల్లోంచి బాంబులు వేశారు. డయ్యర్ ఒక తోటలో పది నిమిషాలు కాల్పించాడు. ఆ పది నిమిషాలకు ముందు, తర్వాత రాష్ట్రమంతా నడిచిన భయానికి కర్త ఓడ్వయ్యర్. రిటైరై ఇంగ్లండు పోయాక కూడా సభల్లో, కోర్టులో, సొంత పుస్తకంలో దాన్ని సమర్థించుకుంటూనే ఉన్నాడు. మన దేశపు లాయర్ శంకరన్ నాయర్ తన పుస్తకంలో ఆయన్ను తప్పుబడితే లండన్‌లో పరువు నష్టం దావా వేసి 1924లో గెలిచాడు కూడా. కాబట్టి ఉధమ్ సింగ్ మనిషిని ఎంచుకోవడంలో తికమక ఏమీ లేదు. సినిమాలో ఓడ్వయ్యర్‌ని మీసం మెలేసే విలన్‌గా కాకుండా, తాను చేసింది మంచే అని నిజంగా నమ్మే ముసలాయనగా చూపించారు. నాకు చాలా నచ్చిన విషయం అది. అరిచే దుర్మార్గుడి కన్నా, ప్రశాంతంగా టీ తాగుతూ అలా మాట్లాడే మనిషిని చూస్తేనే కడుపు రగులుతుంది.

రెండో ప్రశ్నకు వద్దాం. నీ సెమినార్‌కు ప్రాణం ఇదే.

‘21 ఏళ్ళు ఆగాడు’ అనే మాటలోనే చిక్కుంది. పాము పన్నెండేళ్ళు పగబడుతుందని మనవాళ్ళు చెప్పుకుంటారు. ఉధమ్ సింగ్ కథను కూడా మనం అలాగే చెప్పుకుంటున్నాం: ఇరవై ఏళ్ళ కుర్రాడు ఆ తోటలో రక్తం ముట్టి ప్రమాణం చేశాడు, ఆ ఒక్క పని కోసమే బతికాడు, పూర్తి చేసి ఉరికంబం ఎక్కాడు. వినడానికి బాగుంటుంది. రికార్డుల్లో కనిపించే జీవితం మాత్రం అంత తిన్నగా లేదు.

ఆయన 1899 డిసెంబర్ 26న పంజాబులోని సునామ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు షేర్ సింగ్. తండ్రి రైల్వే గేటు కాపలాదారు. తల్లి చిన్నప్పుడే పోయింది, 1907లో తండ్రి కూడా పోయాడు. అన్నదమ్ములిద్దరినీ అమృత్‌సర్‌లోని సెంట్రల్ ఖాల్సా అనాథాశ్రమంలో చేర్చారు. కొన్నేళ్ళకు అన్న కూడా చనిపోయాడు. పెద్దయ్యాక తూర్పు ఆఫ్రికా వెళ్ళాడు, అమెరికా వెళ్ళాడు, అక్కడ బ్రిటిష్ పాలనను కూలదోయాలని ప్రవాస భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీవాళ్ళతో కలిశాడు. 1927లో తిరిగొచ్చాడు. ఆగస్టులో అమృత్‌సర్‌లో రివాల్వర్లతో, గదర్ సాహిత్యంతో పట్టుబడి ఆయుధాల చట్టం కింద ఐదేళ్ళ శిక్ష వేయించుకున్నాడు. ఆయన జైల్లో ఉండగానే 1931 మార్చి 23న భగత్ సింగ్‌ను ఉరితీశారు. అదే ఏడాది విడుదలయ్యాడు. 1933లో పాస్‌పోర్టు సంపాదించి, 1934 కల్లా లండన్ చేరాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క చూడు. 1934కూ 1940కీ మధ్య ఆరేళ్ళు. ఓడ్వయ్యర్ ఉన్న దేశంలోనే ఆరేళ్ళు ఉన్నాడు. ఆ ఆరేళ్ళూ ఏం చేశాడు? వడ్రంగి పని చేశాడు, ఊరూరా తిరిగి బట్టలు అమ్మాడు. సినిమాల్లో గుంపులో నిలబడే ఎక్స్‌ట్రా వేషాలు కూడా వేశాడు. 1937లో వచ్చిన ‘ఎలిఫెంట్ బాయ్’ గుంపులో ఆయన ఉన్నాడు. నాకు ఇది మొదటిసారి తెలిసినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. రేపు తన మీదే సినిమాలు తీస్తారని తెలియని మనిషి, ఇంగ్లీషువాళ్ళు తీసే సినిమాలో పేరు లేని ఇండియన్‌గా, రోజు కూలీకి నిలబడ్డాడు. ‘సర్దార్ ఉధమ్’లో ఈ ముక్కను ఇంకొంచెం వాడుకుని ఉంటే బాగుండేదని నా కోరిక.

పోనీ కారణం ఆయనే చెప్పాడు కదా, అది చూద్దాం అంటే అక్కడా ఒక్క మాట లేదు. పట్టుబడ్డ రాత్రి పోలీసులతో, ఆయన మీద కసి ఉంది, ఆయనకు తగిన శాస్తి అన్న ధోరణిలో మాట్లాడాడు. జూన్‌లో ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ జరిగినప్పుడు, చంపాలనుకోలేదు, నిరసనగా పైకప్పుకు కాల్చాలనుకున్నాను అన్నాడు. శిక్ష వేసే ముందు చేసిన ప్రసంగంలో మళ్ళీ మూడో గొంతు వినిపిస్తుంది: ఇంగ్లీషు ప్రజల మీద నాకేం కోపం లేదు, అక్కడి కూలీల మీద జాలి ఉంది, నా గొడవ సామ్రాజ్యంతో అని. ఆ ప్రసంగాన్ని పత్రికల్లో వేయవద్దని జడ్జి అట్కిన్‌సన్ ఆదేశించాడు. అది బయటికొచ్చింది 1996లో. అంటే 56 ఏళ్ళు అలమారలో ఉంది. వీటిలో ఏది నిజం అని అడిగితే, మూడూ అని నేనంటాను. పోలీసుల ముందు, లాయర్ సలహా విన్నాక, ఉరి ఖాయమని తెలిశాక, ఒకే మనిషి మూడు రకాలుగా మాట్లాడటంలో వింత లేదు. చరిత్ర విద్యార్థివి కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకో: ఒక మనిషి ఒక పని ఎందుకు చేశాడన్నదానికి ఒక్క వాక్యంలో జవాబు దొరికితే, ఇంకో కాగితం ఎక్కడైనా ఉందేమో వెతకాలి.

ఇంతకీ ఆ రోజు ఉధమ్ సింగ్ జలియన్‌వాలా బాగ్‌లో ఉన్నాడా? అనాథాశ్రమం తరఫున జనానికి నీళ్ళు పోస్తున్నాడని కథ ఉంది. దాన్ని గట్టిగా నిలబెట్టే సాక్ష్యం లేదు. దర్శకుడు షూజిత్ సర్కార్ ఇక్కడ తెలివైన పని చేశాడు. కాల్పుల సమయంలో హీరోని అక్కడ ఉంచలేదు. చీకటి పడ్డాక పంపించాడు.

సినిమా క్రమం ఒకసారి గుర్తుచేసుకో. మొదట జైలు నుంచి విడుదల. తర్వాత ప్రయాణం, లండన్. సినిమా ఇంకా బాగా మిగిలి ఉండగానే కాక్స్‌టన్ హాల్. అఫ్గానిస్తాన్ మీద ఒక ఉపన్యాసం పూర్తవుతుంది, జనం లేస్తుంటారు, ఆరు తూటాలు పేలతాయి. మామూలు దర్శకుడైతే దీన్ని క్లైమాక్స్ చేసేవాడు. మన తెలుగులోనైతే దానికి ముందు ఒక పాట, వెనక డప్పులు. ఇక్కడ మాత్రం చంపడం ముందే అయిపోతుంది. తర్వాత ఇంటరాగేషన్, దెబ్బలు, కోర్టు, మధ్యమధ్యలో పాత జ్ఞాపకాలు. ‘ఎందుకు?’ అని స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ అడుగుతూనే ఉంటాడు. మనమూ అదే అడుగుతుంటాం. ఆ తోట కనిపించేది చిట్టచివర. అది కనిపించాక ఇక వదలదు.

ఆ భాగం మీద చాలామందికి కంప్లయింట్ ఉంది. మరీ లాగారు, చూడలేకపోయాం అని. నేనూ మొదటిసారి మధ్యలో లేచి బయటికెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. కానీ ఆ లాగుడు లెక్క తప్పి జరిగింది కాదు. కాల్పులు జరిగింది పది నిమిషాలే. 1,650 తూటాలు. ప్రభుత్వ లెక్కలో 379 మంది చనిపోయారు, కాంగ్రెస్ విచారణ వెయ్యి దాకా ఉంటారంది. మనం పుస్తకాల్లో చదివేది అక్కడితో ఆగిపోతుంది. ఆ రాత్రి ఎనిమిది గంటల నుంచి ఊళ్ళో కర్ఫ్యూ. బయట కనిపిస్తే కాల్చేస్తారు. గాయపడ్డవాళ్ళు తెల్లవార్లూ అక్కడే పడి ఉన్నారు, నీళ్ళు ఇచ్చే దిక్కు లేదు. రతన్ దేవి అనే ఆవిడ కాంగ్రెస్ విచారణలో చెప్పిన సాక్ష్యం ఉంది. భర్త శవం దొరికింది, ఇంటికి తీసుకుపోవడానికి ఒక నులక మంచం, నలుగురు మనుషులు కావాలి. ఎవరూ రాలేదు. ఒక వెదురు కర్ర పట్టుకుని, కుక్కలు దగ్గరికి రాకుండా తోలుకుంటూ, రాత్రంతా శవం పక్కన కూర్చుంది. సినిమా చూపించింది ఆ రాత్రిని. కుర్రాడు తోపుడు బండి పట్టుకుని శవాల మధ్య తిరుగుతాడు. బతికున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు. ఒకరిని, ఇద్దరిని బండిలో వేసుకుని వైద్యం జరిగే చోటికి తోస్తాడు, మళ్ళీ వస్తాడు, మళ్ళీ తోస్తాడు. నాలుగోసారి చూసినప్పుడు నేను అతని ముఖం చూడలేదు, చేతులు చూశాను. బండి పట్టుకున్న వేళ్ళు మొదట వణుకుతాయి, తర్వాత వణకవు. కాక్స్‌టన్ హాల్లో తుపాకీ పట్టుకున్నవి ఆ వేళ్ళే. ఇంటరాగేషన్‌లో అంతసేపు నోరు విప్పకపోవడానికి కారణం అప్పుడు నాకు అర్థమైంది. ఆ రాత్రిని ఇన్‌స్పెక్టర్‌కు ఏ మాటల్లో చెప్తాడు?

ఇది నాకు పరకాల నేర్పిన విషయం. పరకాల సంగతి నీకు తెలిసే ఉంటుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా మనం ఇంకా నిజాం కిందే ఉన్న రోజుల్లో, 1947 సెప్టెంబర్ 2న, జాతీయ జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం పరకాలకు వచ్చారు. నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 22 మంది అమరులయ్యారు. దక్షిణాది జలియన్‌వాలా బాగ్ అని దానికి పేరు. తొంభైలలో నేను ఆ కాలం మనుషుల మాటలు రాసి పెట్టుకుందామని విద్యార్థులను వెంటేసుకుని ఆ పల్లెలు తిరిగాను. ఒక ముసలమ్మ దగ్గరికి మూడుసార్లు పోవాల్సి వచ్చింది. మొదటిసారి, అన్నకు కట్టిచ్చిన సద్ది గురించి మాత్రమే చెప్పింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు, ఏ గుడ్డలో కట్టింది, గుడ్డ అంచు ఏ రంగు. రెండోసారి, ఆ సాయంత్రం పశువులు ఎవరూ తోలకుండానే ఇంటికి వచ్చాయని చెప్పింది. మూడోసారి పల్లికాయ వలుస్తూ కూర్చుంది, వలుస్తున్న చేయి ఆగింది, అప్పుడు తుపాకుల చప్పుడు దగ్గరికి వచ్చింది. చేటలో గింజలు, పొట్టు కలిసిపోయాయి, ఆమె చూసుకోలేదు. నాతో వచ్చిన పిల్లాడొకడు, అమ్మమ్మా, మొదటి నుంచి వరసగా చెప్పు అన్నాడు. ఆమె వాడి ముఖం చూసి, ఇదే వరస బిడ్డా అంది.

అందుకే ‘సర్దార్ ఉధమ్’ ముందుకు వెనక్కు పోతోంది, కన్‌ఫ్యూజింగ్‌గా ఉంది అని ఎవరైనా అంటే నాకు ఆ ముసలమ్మే గుర్తొస్తుంది. నీ పేపర్‌కు నేనిచ్చే సలహా ఒకటే. కారణం ఏమిటని కాకుండా, కారణాన్ని దర్శకుడు ఎక్కడ పెట్టాడు, అక్కడే ఎందుకు పెట్టాడు అన్నదాని మీద రాయి. కోట్లు, కార్లు, లండన్ వీధులు బాగా కట్టారని అందరూ రాస్తారు. నిజంగానే బాగా కట్టారు, ఉత్తమ హిందీ చిత్రంతో పాటు ఛాయాగ్రహణానికి, కళకు, దుస్తులకు కూడా జాతీయ అవార్డులు వచ్చాయి. దాని మీద నువ్వు రెండు పేజీలు ఖర్చు పెట్టకు.

లోపాలు కూడా చెప్పాలి. రేష్మ అనే మూగ అమ్మాయితో ప్రేమకథ సినిమావాళ్ళు కల్పించింది. నాకు అది అవసరం అనిపించలేదు. వందల మంది చావు చాలదన్నట్టు, హీరోకు సొంత మనిషి కూడా పోవాలా? భగత్ సింగ్‌తో స్నేహాన్ని కూడా సినిమా తన ఊహతోనే నింపింది. అయితే దానికి పునాది ఉంది. లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైలు నుంచి రాసిన ఒక ఉత్తరంలో ఉధమ్ సింగ్ ఆయన్ను తన ప్రాణస్నేహితుడిగా చెప్పుకున్నాడు, ఆయన్ను ఉరితీసిన తేదీనే తననూ తీస్తే బాగుండునన్నాడు. ఇక ఓడ్వయ్యర్ ఇంట్లో పనివాడిగా చేరడం, చంపే వీలుండి కూడా ఆగడం. ఇది కథ కోసం వాడుకున్న ముక్క అనుకున్నా, ఆలోచన గట్టిది. ఇంట్లో చంపితే యజమానిని నౌకరు చంపాడంటారు. సభలో, అందరి ముందు చంపితే దాని పేరు మారుతుంది.

మూడో ప్రశ్న, ఇది కరెక్టేనా అన్నది. నువ్వు అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఈ రోజుల్లో అడిగేవాళ్ళు తగ్గారు. 1940లో గాంధీజీ ఈ హత్యను పిచ్చి పనిగా ఖండించాడు, నెహ్రూ కూడా విచారం చెప్పాడు. వాళ్ళను పిరికివాళ్ళు అనేవాళ్ళు నా క్లాసులో ప్రతి ఏడాదీ ఉండేవారు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆ రోజు హాల్లో ఇంకో ముగ్గురికి గాయాలయ్యాయి, తూటాలు తుపాకీకి సరిపోని పాతవి కాబట్టి బతికారు. ఇది కూడా నీ పేపర్‌లో ఉండాలి. కారణం చూపించడం, ఒప్పు అనడం ఒకటి కాదు. ఈ తేడా మన జిల్లాలోనే చూడొచ్చు. వరంగల్‌వాడైన నారాయణరావు పవార్, ఆర్యసమాజ్ కార్యకర్త, 1947 డిసెంబర్ 4న హైదరాబాద్‌లో కింగ్ కోఠీ దగ్గర నిజాం కారు మీద బాంబు విసిరాడు. నిజాంకు ఏమీ కాలేదు, పవార్‌కు ఉరిశిక్ష పడింది, పోలీసు చర్య తర్వాత బయటికొచ్చాడు. పరకాల కాల్పులు జరిగింది దానికి మూడు నెలల ముందే. పరకాల వల్లే బాంబు వేశాడని రాసేస్తే కథ బాగా కుదురుతుంది. నేను అలా రాయను, నా విద్యార్థులను రాయనివ్వలేదు. అలాగని పవార్ బాంబు గురించి చెప్తూ ఆ ఏడాది ఈ నేల మీద ఏం జరుగుతోందో చెప్పకపోతే, అది సగం అబద్ధం.

ఈ సినిమాను ఆస్కార్‌కు పంపకపోవడానికి, బ్రిటిష్‌వాళ్ళ మీద ద్వేషం చూపించిందని జ్యూరీలో ఒకాయన కారణం చెప్పాడు. నాకు బాధ కలిగింది. పోలీసులకు ఉధమ్ సింగ్ చెప్పుకున్న పేరు మొహమ్మద్ సింగ్ ఆజాద్. అందులో రామ్ కూడా కలిపి మనం చెప్పుకుంటున్నాం. పేరులోనే మతాలన్నిటినీ కలుపుకున్న మనిషి, ఇంగ్లీషు కూలీ మీద జాలి చూపిన మనిషి, ఆయన కథలో ద్వేషం ఒక్కటే కనిపించిందంటే ఆ చివరి భాగం సరిగా చూడలేదనే అనుకుంటాను.

ఒక విషయం మర్చిపోయాను. 1940 జులై 31న పెంటన్‌విల్ జైల్లో ఉరితీసి, అక్కడే పూడ్చిపెట్టారు. 1974లో అస్థికలు దేశానికి తెచ్చి సునామ్‌లో దహనం చేశారు. సెమినార్‌లో ఎవరైనా అడగొచ్చు, తేదీలు దగ్గర పెట్టుకో.

సెమినార్‌కు ముందు ఒక ఆదివారం పరకాల పోయి అమరధామం చూసి రా. హన్మకొండ నుంచి బస్సులో గంట ప్రయాణం. అక్కడ కట్టిన బొమ్మల ముందు కాసేపు నిలబడి, ఆ తర్వాత ఇంటికొచ్చి సినిమాలో చివరి గంట మళ్ళీ చూడు. నోట్స్ అప్పుడు రాసుకో. డ్రాఫ్ట్ అయ్యాక నాకు పంపు. తేదీలు నేను సరిచూస్తాను. అభిప్రాయాలు మాత్రం నీవే ఉండనీ.